వారం చందా, ఏడేళ్ల నష్టం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లు మించిన గాలికి కొన్ని గంటల్లోనే ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతం రూపు మారిపోయింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. జీడి తోటలు మోడులయ్యాయి. ఆ తర్వాత బియ్యం, నూనె, కొవ్వొత్తులు, నీళ్ల సీసాలు, టార్పాలిన్లు లారీల్లో వచ్చాయి. ఆ పూటకు అవన్నీ అవసరమే. అయితే ఉద్దానం రైతు పోగొట్టుకున్నది ఆ పూట తిండి ఒక్కటే కాదు. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ రైతుకు రాబడి ఉండదు, కాయ దింపేవాడికి పని ఉండదు, పీచు మీద బతికేవాళ్లకు సరుకు ఉండదు, పలాస జీడి కర్మాగారాల్లో పిక్కలు కొట్టే ఆడకూలీలకు స్థానిక పంట అందదు. చందాలు మాత్రం వారంలో వస్తాయి, ఇంకో వారంలో ఖర్చయిపోతాయి. సొంత గడ్డ కోసం డబ్బు పోగేసేవాళ్లు ముందుగా సరిచేయాల్సింది ఈ తేడానే. చందా మొదటి వారంలోనే అడగాలి. ఖర్చు మాత్రం ఏడాది పొడవునా పెట్టాలి. అందులో పెద్ద భాగం ఏ జాబితాలోనూ పేరు లేని కుటుంబాలకు చేరాలి.

ఆపదలో చందా పోగేయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం ఎన్టీ రామారావు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి, ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయనా, అక్కినేని నాగేశ్వరరావూ సినీ పరిశ్రమను వెంటబెట్టుకుని జోలె పట్టారు. అమెరికాలో తెలుగువాళ్ల సంఘం తానా మొదటి మహాసభ జరిగింది కూడా ఆ ఏడాదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు సినిమావాళ్లు ‘మేము సైతం’ పేరుతో రోజంతా టీవీ కార్యక్రమం నడిపారు. ఇప్పుడు జోలె స్థానంలో క్యూఆర్ కోడ్ వచ్చింది, డల్లాస్‌లో ఉన్నవాడు నిద్ర లేచేలోపు విజయవాడ వరద వీడియో అతని ఫోన్లో ఉంటోంది. ఇవ్వాలన్న మనసుకు లోటు లేదు. లోటంతా ఆ మనసు ఎంతకాలం నిలుస్తుందన్న దగ్గరే.

అది ఎక్కువకాలం నిలవదనడానికి ఆధారాలున్నాయి. ఐసెన్‌సీ, స్ట్రోంబెర్గ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రపంచంలోని వేల విపత్తులనూ, వాటికి అమెరికా ప్రభుత్వం పంపిన సాయాన్నీ పోల్చి చూసి 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడో, మరో పెద్ద వార్త నడుస్తున్నప్పుడో వచ్చిన విపత్తుకు టీవీల్లో చోటు తగ్గుతోందనీ, దాంతో సాయం అందే అవకాశమూ తగ్గుతోందనీ వాళ్లు తేల్చారు. నష్టం ఎంతన్నది ఒక లెక్క, జనం కళ్లలో ఎంతసేపు పడిందన్నది ఇంకో లెక్క. మన దగ్గర చూడండి. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు దేశమంతా కదిలింది. ఉద్యోగుల జీతాల విరాళాలతో కలిపి అక్కడి ముఖ్యమంత్రి సహాయనిధికి నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా చేరింది. దాదాపు రెండు నెలల తర్వాత వచ్చిన తిత్లీ జాతీయ చానెళ్లలో ఎక్కువ రోజులు నిలవలేదు. కాబట్టి జనం మనసు వేడిగా ఉన్నప్పుడే చందా అడగడం మోసం కాదు, అవసరం. ఆరు నెలలు ఆగి అడిగితే ఎవరూ ఇవ్వరు. తప్పల్లా ఆ వేడిలోనే మొత్తం ఖర్చు చేసేయడం.

పైగా మొదటి వారానికి ఇప్పుడు మన డబ్బు అంతగా అక్కర్లేదు. దివిసీమ రోజుల్లో శవాలను తీయడానికే స్వచ్ఛంద కార్యకర్తలు దిగాల్సి వచ్చింది. ఇవాళ జాతీయ విపత్తు దళం ఎన్డీఆర్‌ఎఫ్ ఉంది, రాష్ట్ర విపత్తు నిధి ఉంది, తుఫాను షెల్టర్లున్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోతున్నప్పుడు, హెలికాప్టర్లతోనూ డ్రోన్లతోనూ ఆహార పొట్లాలు పంచారు, గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది, బురద కడగడానికి ఫైరింజన్లు తిరిగాయి. లోటుపాట్లు లేవని కాదు. కానీ ఆ పనులు చేయగల యంత్రాంగం, పడవలు, హెలికాప్టర్లు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. ప్రవాస సంఘం పంపే డబ్బు మూడో రోజుకు చేరినా అప్పటికే పంచుతున్న పులిహోర పొట్లాలకు ఇంకొన్ని కలుస్తాయంతే. అవసరం చూడకుండా పంపిన సాయం ఏమవుతుందో 2004 సునామీ చూపించింది. తమిళనాడు తీరంలో దేశం నలుమూలల నుంచీ వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేవి. వాటిని ఎత్తించడం అధికారులకు అదనపు పనైంది. ఎంఎస్‌ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థయితే సునామీ వచ్చిన వారం రోజులకే, తాము చేయగల పనికి సరిపడా డబ్బు అందిందనీ, సునామీ పేరిట ఇక పంపవద్దనీ ప్రకటించింది. తోటి సంస్థలు విమర్శించినా వెనక్కి తగ్గలేదు. చందా పోగేసేవాళ్లలో ఇంత నిజాయితీ అరుదు.

అసలు కష్టం నీళ్లు తీశాక మొదలవుతుంది. సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న ఒక మామూలు ఇంటి లెక్క వేద్దాం. రోజుల తరబడి నిలిచిన మురికినీటిలో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ, పరుపులు, బియ్యం డ్రమ్ము, పిల్లల పుస్తకాలు, బీరువాలో కాగితాలు అన్నీ నానిపోయాయి. ఇంటావిడ కుట్టు మిషను మోటారు కాలిపోయింది, ఆయన ఆటో ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయి. రాష్ట్ర ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000, ఆటోలకు 10,000, ద్విచక్ర వాహనాలకు 3,000 ప్రకటించింది. మన దేశంలో వరద సాయం లెక్కన చూస్తే ఇది తక్కువేమీ కాదు. అయినా ఫ్రిజ్, పరుపు, వంట సామాను కొనేసరికి ఆ పాతిక వేలూ అయిపోతాయి. ఆటో బాగయ్యేదాకా, కుట్టుపని మళ్లీ దొరికేదాకా రెండు మూడు నెలలు ఇంట్లోకి డబ్బు రాదు. అప్పుడు చేసే అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీకి పుడుతుంది. యాభై వేలు తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది. ప్రభుత్వం ఇచ్చిన పాతిక వేలలో దాదాపు ముప్పాతిక వంతు వడ్డీ రూపంలో వెళ్లిపోయినట్టే. ఈ అప్పు పుట్టకముందే, అంటే రెండో నెలలోనే, చేతికందే ఇరవై ముప్ఫై వేలు ఆ కుటుంబాన్ని నిలబెడతాయి. మొదటి వారంలో అందే పదో బియ్యం సంచికి ఆ శక్తి లేదు.

పల్లెల్లో ఈ ఖాళీ ఇంకా పెద్దది. రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఇచ్చే పంట సాయానికి కేంద్రం ప్రమాణాలు పెట్టింది. 2022–26 కాలానికి కొబ్బరి, జీడి లాంటి బహువార్షిక పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరా తోటకు తొమ్మిది వేల పైచిలుకు. రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కొంత కలుపుతుంటాయి. ఎంత కలిపినా ఇది రైతు నిలదొక్కుకోవడానికి ఇచ్చే సాయమే తప్ప, ఏడేళ్ల రాబడికి పరిహారం కాదు. ఆ సాయమైనా భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే సులువుగా అందుతుంది. కౌలు రైతు సాగు చేసినట్టు కాగితం చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ కాగితానికి, అంటే సాగుదారు కార్డుకు, భూయజమాని సమ్మతి కావాలని షరతు పెట్టింది. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనన్న భయంతో వెనకాడే యజమానులు ఎందరో. దాంతో పెట్టుబడి పెట్టినవాడు ఒకడు, సాయం అందుకునేవాడు మరొకడు అవుతున్నాడు. ఇక సొంత చెట్టు ఒక్కటీ లేని కూలీ, అద్దె ఆటో నడిపేవాడు, వేరే జిల్లా నుంచి వలస వచ్చి ఆధార్‌లో పాత చిరునామాతోనే ఉన్న కుటుంబం, భర్త చనిపోయాక రేషన్ కార్డు విడదీసుకోని ఆడమనిషి, వీళ్లకు నష్టం జరిగినట్టు నమోదు కావడమే గగనం. ప్రభుత్వ జాబితా రూల్సు మీద నడుస్తుంది. రూల్సుకు అందనివాళ్లను చూడగలిగే వెసులుబాటు చందా డబ్బుకే ఉంది.

ఇక్కడ ప్రవాసులు తమ గురించి తాము ఒక నిజం ఒప్పుకోవాలి. తమ్ముడు ఖతర్‌లోనో, కూతురు న్యూజెర్సీలోనో ఉన్న ఇంటికి ఎవరూ చందా పోగేయక్కర్లేదు, వాన వెలిసేలోపే డబ్బు చేరిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో వానలు దెబ్బతీసినప్పుడు ఏం జరిగిందో డీన్ యాంగ్, హ్వాజుంగ్ చోయ్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. విదేశాల్లో మనిషి ఉన్న కుటుంబాలకు తగ్గిన రాబడిలో దాదాపు 60 శాతం అక్కడి నుంచి వచ్చిన డబ్బే పూడ్చిందని 2007లో చెప్పారు. ఉద్దానం నుంచి హైదరాబాదుకూ, ముంబైకీ, గల్ఫ్‌కూ వెళ్లినవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లు పంపిన డబ్బుతో వాళ్ల ఇళ్లు ముందుగా తేరుకుంటాయి. కాబట్టి నలుగురూ కలిసి వేసుకున్న చందా, బయట ఎవరూ లేని ఇళ్లకు వెళ్లడమే న్యాయం. చందా డబ్బు ఊరి బంధుత్వాల వెంట, కులం వెంట పోతుందన్నది తరచూ వినిపించే ఆరోపణ, అందులో నిజం లేకపోలేదు. దానికి విరుగుడు కూడా ఇదే. ఎవరికివ్వాలో ఎంచుకునే మొదటి ప్రమాణం ‘ఈ ఇంటికి బయటినుంచి డబ్బు పంపేవాళ్లున్నారా’ అన్నదైతే, బంధుత్వాలు వాటంతటవే వెనక్కి పోతాయి. ఆ జాబితాను గ్రామ సచివాలయం గోడ మీద అంటించి, అభ్యంతరాలకు వారం గడువిస్తే ఊరే దాన్ని సరిదిద్దుతుంది.

ఏం ఇవ్వాలన్నది తర్వాతి ప్రశ్న. నేరుగా డబ్బే ఇవ్వడం మేలు. డబ్బిస్తే తాగుడుకు పోతుందని చాలామంది అనుమానం. ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ ఎవాన్స్, అన్నా పోపోవా ఈ అనుమానం మీదే వివిధ దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను 2014లో పరిశీలించారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు మొత్తం మీద కనిపించలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా. ఎక్కడో ఒకడు తాగేస్తాడన్న భయం ఉంటే డబ్బును ఇంటావిడ ఖాతాలో వేయవచ్చు, డ్వాక్రా సంఘాల పుణ్యమా అని మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఆ ఖాతాలున్నాయి. పెద్ద మొత్తాలకు విడతల పద్ధతి ఉండనే ఉంది. 2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్‌లో లక్షకు పైగా ఇళ్లను యజమానులే కట్టుకున్నారు. పునాది, గోడలు, కప్పు ఏ దశకు వస్తే ఆ దశకు డబ్బు వచ్చింది, ఇంజనీర్లు వచ్చి చూశారు. కాంట్రాక్టర్లతో సంస్థలు కట్టించి తాళాలిచ్చిన ఇళ్ల కన్నా సొంతంగా కట్టుకున్న ఇళ్లలోని జనమే ఎక్కువ తృప్తిగా ఉన్నారని ఆ తర్వాత జరిగిన అధ్యయనం చెప్పింది. ఉద్దానానికైతే విడతలు ఇలా ఉండొచ్చు: పడిపోయిన మానులు తీయించడానికి ఒకటి, మొక్కలకూ మధ్యలో వేసే అరటికీ ఇంకొకటి, ఏడాది తిరిగాక బతికిన మొక్కలు చూసి మూడోది.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం నమ్మకం గురించి. జనం వరద చూసి ఇచ్చిన డబ్బును బ్యాంకులో పెట్టుకుని కూర్చుంటే తినేశారనుకోరా? అనుకుంటారు, అనుకోవడం సబబే. 2010 హైతీ భూకంపం పేరిట అమెరికన్ రెడ్‌క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు సేకరించింది. ఆ సంస్థ కట్టిన శాశ్వత గృహాలు ఆరే ఆరని 2015లో ప్రొపబ్లికా, ఎన్‌పీఆర్ వార్తాసంస్థలు రాశాయి. మరమ్మతులు, తాత్కాలిక ఇళ్లు, అద్దె సాయం కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ సంస్థ వాదించింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఏది ఎప్పుడు చేస్తామన్నది ముందే చెప్పి, చేసిన దాని లెక్క ఎప్పటికప్పుడు చూపి ఉంటే అంత దుమారం రేగేది కాదు. మెల్లగా ఖర్చుపెట్టే నిధి మిగతావాటి కన్నా ఎక్కువ లెక్క చెప్పాలి. చందా అడిగిన రోజే విభజన ప్రకటించాలి. ఉదాహరణకు, మొదటి పదిహేను రోజులకు అయిదో వంతు, రెండో నెల నుంచి ఆరో నెల వరకు సగం, మిగిలింది ఏడాది పూర్తయ్యేలోగా. ఆ డబ్బుకు వేరే ఖాతా ఉండాలి, ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు. మూడు నెలలకోసారి వచ్చిందెంత, ఇచ్చిందెంత, మిగిలిందెంత అని ఒక్క పేజీలో ఇచ్చినవాళ్లందరికీ పంపాలి. ఫొటోలు, శాలువాలు, చెక్కుల ప్రదర్శన లేకపోయినా పర్వాలేదు. ఆ పేజీ లేకపోతే ఆ నిధిని నమ్మక్కర్లేదు.

ఇంత తిప్పలెందుకు, ముఖ్యమంత్రి సహాయనిధికి పంపితే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. తీరిక లేనివాళ్లకు అది మంచి దారే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ విరాళం మీద నూటికి నూరు మినహాయింపూ ఉంది, 2,000 రూపాయలు దాటితే నగదు రూపంలో ఇవ్వకూడదన్నదే షరతు. అయితే ఆ డబ్బు కూడా ప్రభుత్వ ప్రాధాన్యాల ప్రకారమే ఖర్చవుతుంది కాబట్టి జాబితాలో లేనివాళ్ల సమస్య అలాగే మిగులుతుంది. విడిగా నిధి పెట్టుకునేవాళ్లు చట్టం తెలుసుకోవాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, ఇక్కడి సంస్థకు పంపితే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతా ద్వారా. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు మళ్లించడానికి వీల్లేదు, నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. అంటే, నేరుగా ఆ ఊళ్లో పనిచేస్తున్న సంస్థనే వెతుక్కోవాలి. అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే అక్కడ రిజిస్టరైన సంస్థకే ఇవ్వాలి. దుబాయ్, అబుదాబీల్లో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అనుమతి ఉన్న సంస్థలు తప్ప వ్యక్తులు చందాలు పోగేయడం 2021 నాటి యూఏఈ చట్టం ప్రకారం నేరం. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మంచి మాట కూడా కేసుకు దారితీయొచ్చు.

మనం ఆదుకుంటుంటే ప్రభుత్వం తన బాధ్యత వదిలేయదా అన్నది చివరి అభ్యంతరం. ఊళ్లో రోడ్డు, కరకట్ట, బడి కట్టడానికి చందా వాడితే ఆ ప్రమాదం ఉంది. వాటిని ప్రభుత్వమే చేయాలి, చేయకపోతే నిలదీయాలి. చందాలో కొంత ఆ నిలదీతకే ఖర్చుపెట్టడం తెలివైన పని. సచివాలయం దగ్గర రెండు మూడు నెలలపాటు చదువుకున్న కుర్రాణ్నో అమ్మాయినో జీతమిచ్చి కూర్చోబెడితే, నష్టం నమోదు కానివాళ్ల దరఖాస్తులు రాయవచ్చు, తడిసిపోయిన ఆధార్, పాసు పుస్తకాలకు నకళ్లు తెప్పించవచ్చు, వాహన బీమా క్లెయిములు వేయించవచ్చు, కౌలు రైతు తరఫున యజమానితో మాట్లాడవచ్చు. ఒక మనిషి జీతానికి పెట్టిన కొన్ని వేలు, హక్కుగా రావలసిన లక్షలను ఊళ్లోకి తేగలవు. అప్పుడు చందా డబ్బు ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పించదు, దానిచేత పని చేయిస్తుంది.

బంగాళాఖాతానికి ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. ఈసారి కాకపోతే వచ్చే ఏడు మన తీరంలో ఏదో ఒక ఊరు దెబ్బతింటుంది, మీ ఫోనుకు చందా అడుగుతూ సందేశం వస్తుంది. ఇవ్వండి, వెంటనే ఇవ్వండి. ఇచ్చేముందు మూడు ప్రశ్నలు మాత్రం అడగండి: ఆరో నెలలో ఖర్చుపెట్టడానికి ఎంత ఉంచుతున్నారు? ప్రభుత్వ జాబితాలో లేనివాళ్లను ఎలా వెతుకుతారు? లెక్క ఎప్పుడు పంపుతారు? మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన వాళ్లకే మీ డబ్బు ఇవ్వండి.